పదవిలో మౌనం, పుస్తకంలో నిజం: 1948 హైదరాబాద్ అధికారుల ఆలస్యపు జ్ఞాపకాలను ఎలా చదవాలి?

సెప్టెంబర్ 17 దగ్గర పడిందంటే చాలు, సంతోష్‌నగర్ చౌరస్తాలో కూడా ఫ్లెక్సీలు మొదలవుతాయి. ఒక పార్టీకి అది విమోచన దినం, ఇంకో పార్టీకి విలీన దినం, మరొకరికి సమైక్యతా దినం. కేంద్రం 2022 నుంచి ఒక పేరుతో జరుపుతుంటే, రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడు పేరు కూడా మారింది. టీవీల్లో చర్చలు, వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డులు. ఈ గోల అంతా నడుస్తుంటే చాలా ఇళ్లలో పెద్దవాళ్ల నోట వచ్చేది మాత్రం ఒకటే మాట: పోలీస్ యాక్షన్. ఆ మాట అన్నాక ఇంకేమీ చెప్పరు. పిల్లలు గట్టిగా అడిగితే "ఛోడో బేటా, పాత సంగతులు" అని మాట మారుస్తారు.

కానీ పిల్లలు అడిగే ప్రశ్నల్లో తప్పేం లేదు. ఐదు రోజుల్లో ముగిసిపోయే యుద్ధానికి అప్పటి ప్రభుత్వం ఎందుకు దిగింది? గెలవలేమని పైన కూర్చున్నవాళ్లకు ముందే తెలియదా? తెలిస్తే జనానికి ఎందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్నలకు జవాబులు కొన్ని పుస్తకాల్లో ఉన్నాయి. రాసింది బయటివాళ్లు కాదు. ఆ ప్రభుత్వంలోనే ప్రధానిగా, సైన్యాధిపతిగా, జిల్లా అధికారిగా పనిచేసినవాళ్లే. చిక్కేమిటంటే ఆ పుస్తకాలు వచ్చేసరికి 14 ఏళ్లు, 46 ఏళ్లు, 64 ఏళ్లు గడిచిపోయాయి. ఆలస్యంగా వచ్చిన ఈ సాక్ష్యానికి విలువ ఎంత? దాన్ని ఎలా చదవాలి?

ముందు కథ టూకీగా

1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత్‌లో గానీ పాకిస్తాన్‌లో గానీ చేరలేదు. ఢిల్లీతో మాట్లాడేందుకు ప్రధాని నవాబ్ ఛతారీ, న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్ తదితరులతో ఒక బృందం వేశారు. ఒప్పందం దాదాపు కుదిరింది. అంతలో 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున మజ్లిస్ నాయకుడు ఖాసిం రజ్వీ మద్దతుదారులు వేల సంఖ్యలో వచ్చి ఆ బృందం ఢిల్లీ బయల్దేరకుండా అడ్డుకున్నారు. ఛతారీ రాజీనామా చేశారు. ఆ తర్వాత నవంబర్ 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఇంజినీర్, పారిశ్రామికవేత్త అయిన మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు.

తర్వాతి పది నెలలూ రెండు వైపుల నుంచీ ఒత్తిడి పెరుగుతూనే పోయింది. ఒకవైపు రజాకార్ల దాడులు, ఇంకోవైపు సరిహద్దుల్లో గొడవలు, సరుకులు అందకుండా ఆర్థిక దిగ్బంధం. పల్లెల్లో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం వీటికి తోడు. ఆయుధాల కోసం హైదరాబాద్ సర్కారు ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్‌ను పెట్టుకుని కరాచీ నుంచి విమానాల్లో రహస్యంగా తెప్పించుకుంది. 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు కూడా పంపింది.

సెప్టెంబర్ 11న జిన్నా చనిపోయారు. 13న భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి, విజయవాడ వైపు నుంచి, ఇంకా పలు దిక్కుల నుంచి లోపలికి వచ్చింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న హైదరాబాద్ సైన్యాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఇద్రూస్, భారత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయారు. సర్కారీ రికార్డుల్లో దీని పేరు ఆపరేషన్ పోలో. ఉర్దూలో సుకూత్-ఎ-హైదరాబాద్.

రాజధాని నగరంలో పెద్దగా రక్తం పారలేదు. అసలు నష్టం జిల్లాల్లో జరిగింది.

ప్రధాని పుస్తకం: 14 ఏళ్ల తర్వాత

లొంగుబాటు తర్వాత లాయక్ అలీని బేగంపేటలో గృహనిర్బంధంలో ఉంచారు. 1950 మార్చిలో అక్కడి నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరారు. 1962లో కరాచీ నుంచి ఆయన ఇంగ్లిష్ పుస్తకం 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' వచ్చింది.

ఇది పశ్చాత్తాపం పుస్తకం కాదు. హైదరాబాద్ స్వతంత్రంగా ఉండాలన్నది సరైన కోరికే అన్న మాట మీద ఆయన చివరిదాకా నిలబడ్డారు. ఢిల్లీ మాట తప్పిందని, దిగ్బంధంతో ఊపిరాడకుండా చేసిందని వివరంగా రాశారు. ఆ భాగాలకు చరిత్రలో విలువ ఉంది. చర్చలు ఎలా సాగాయో లోపలి మనిషి చెప్పిన కథనం అది.

అయితే ఓటమి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. సైన్యం అనుకున్నట్టు నిలబడలేదన్న నిరాశ, కమాండర్ మీద అసంతృప్తి పుస్తకంలో కనిపిస్తాయి. కొన్ని వారాలైనా ఆపగలిగితే భద్రతా మండలి కలగజేసుకునేదన్న ఆశ ఆయన ప్రభుత్వానికి ఉండేది. మండలి విచారణ మొదలైంది సెప్టెంబర్ 16న, పారిస్‌లో. మర్నాడే ఇక్కడ యుద్ధం అయిపోయింది.

కాబట్టి పాఠకుడు అడగాల్సిన ప్రశ్న ఇది: మొత్తం ప్లాను "కొన్ని వారాలు ఆపగలం" అన్న ఒక్క లెక్క మీద నిలబడి ఉంటే, ఆ లెక్క సరైనదో కాదో చూసుకోవాల్సిన బాధ్యత ఎవరిది? ప్రధానిదే కదా.

కమాండర్ పుస్తకం: 46 ఏళ్ల తర్వాత

ఎల్ ఇద్రూస్ మీద పడ్డ నింద చిన్నది కాదు. "అమ్ముడుపోయాడు" అన్న మాట పాతబస్తీలో దశాబ్దాల పాటు వినిపించింది. ఆయన 1962లో చనిపోయారు. ఆయన జ్ఞాపకాల పుస్తకం 'హైదరాబాద్ ఆఫ్ ది సెవెన్ లోవ్స్' అచ్చయింది మాత్రం 1994లో. పేరులోని ఏడు రొట్టెలు అంటే అసఫ్‌జాహీ వంశం గురించి చెప్పుకునే ఏడు కుల్చాల కథ. ఒక బుజుర్గ్ పెట్టిన కుల్చాల్లో మొదటి అసఫ్‌జా ఏడు తిన్నాడు, అందుకే ఏడు తరాలు పాలించారని ఆ కథ.

తన సైన్యం కొన్ని రోజులకు మించి నిలవలేదని పైవాళ్లకు ముందే చెప్పానన్నది కమాండర్ వాదన. వాస్తవాలు కూడా ఆ మాటకు దగ్గరగానే ఉన్నాయి. రికార్డుల్లో హైదరాబాద్ సైన్యం 20 వేలకు పైనే. కానీ పూర్తి శిక్షణ, సరైన ఆయుధాలు ఉన్నవాళ్లు అందులో కొంతమందే. విమాన దళం లేదు, చెప్పుకోదగ్గ ట్యాంకులు లేవు. రజాకార్లు లక్షల్లో ఉన్నారని రజ్వీ గొప్పలు చెప్పుకున్నా, వాళ్ల చేతుల్లో చాలావరకు కర్రలు, బల్లేలు, పాత తుపాకులే.

అంటే ఒకే యుద్ధం గురించి ఇద్దరు పెద్దల పుస్తకాలు రెండు కథలు చెబుతున్నాయి. ప్రధాని పుస్తకం వేలు కమాండర్ వైపు, కమాండర్ పుస్తకం వేలు రాజకీయ నాయకుల వైపు. లెక్కలు చూసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఒకే లావాదేవీకి రెండు పార్టీల ఖాతాల్లో రెండు అంకెలు ఉంటే, రెండూ ఒకేసారి కరెక్ట్ కాలేవు. కానీ రెండు ఖాతాలూ కలిసి ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాయి: గెలుస్తామన్న ధైర్యం లోపల ఎవరికీ లేదు. బయట మీటింగుల్లో మాత్రం ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్న ఉపన్యాసాలు నడిచాయి.

కమాండర్‌ను కూడా ఒక మాట అడగాలి. సైన్యం నిలవదని తెలిసినప్పుడు రాజీనామా ఎందుకు చేయలేదు? సైనికుడు ఆజ్ఞ పాటించాలి, నిజమే. కానీ పైవాళ్లు వినకపోతే పదవి వదిలే దారి జనరల్‌కు ఉంటుంది. బల్లెం పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డ పదహారేళ్ల రజాకార్ కుర్రాడికి ఆ దారి లేదు. వాడికి నిజం చెప్పినవాళ్లూ లేరు.

జిల్లా అధికారి పుస్తకం: 64 ఏళ్ల తర్వాత

మూడోది మహమ్మద్ హైదర్ రాసిన 'అక్టోబర్ కూ'. ఆయన 1948లో ఉస్మానాబాద్ కలెక్టర్, అప్పటి మాటల్లో అవ్వల్ తాలూక్‌దార్. బొంబాయి రాష్ట్రానికి ఆనుకున్న సరిహద్దు జిల్లా అది. షోలాపూర్ నుంచి వచ్చిన భారత సైన్యం మొదట అడుగుపెట్టింది ఆ జిల్లాలోని నల్దుర్గ్ దగ్గరే. యుద్ధం తర్వాత హైదర్‌ను అరెస్టు చేశారు. జైలుకు వెళ్లారు. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు ఆయన చనిపోయిన దశాబ్దాల తర్వాత, 2012లో పుస్తకంగా వచ్చాయి.

పుస్తకం పేరు అక్టోబర్ 27 నాటి ఘటన నుంచి వచ్చింది. తుపాకీ పేల్చకుండానే ఆ రోజు హైదరాబాద్ విధానం ఒక గుంపు చేతుల్లోకి వెళ్లిపోయిందన్నది ఆ పేరులోనే ఉంది. పై ఇద్దరి కంటే ఈ పుస్తకానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇందులో రాజధాని దర్బారు కంటే జిల్లా ఎక్కువ కనిపిస్తుంది. సరిహద్దు దాటి జరిగే దాడులు, రజాకార్లకూ సర్కారీ యంత్రాంగానికీ మధ్య గీత చెరిగిపోవడం, జిల్లా అధికారి నడుమ ఇరుక్కుపోవడం ఇందులో చదవొచ్చు. ఆయన కూడా ఆ వ్యవస్థలో భాగమే, చివరిరోజు దాకా ఉద్యోగంలోనే ఉన్నారు. అందుకే పుస్తకం పూర్తి నిర్దోషి మాటలా కాకుండా, లోపల ఉన్నవాడి వాంగ్మూలంలా చదవాలి.

ఢిల్లీ వైపు పుస్తకాలు, దాచిన ఒక నివేదిక

ఆలస్యం ఒక్క హైదరాబాద్ అధికారులదే కాదు. గెలిచినవాళ్ల పుస్తకాలు ముందే వచ్చాయి. రాష్ట్రాల శాఖ కార్యదర్శి వి.పి. మేనన్ పుస్తకం 1956లో, హైదరాబాద్‌లో భారత ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ పుస్తకం 'ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా' 1957లో వచ్చాయి. వాటిలో యుద్ధం ముందు కథ బోలెడంత ఉంది. యుద్ధం తర్వాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల పల్లెల్లో ముస్లింలకు ఏం జరిగిందో అంత వివరంగా దొరకదు.

ఆ వివరాలు ఉన్నది వేరే చోట. 1948 చివర్లో నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను హైదరాబాద్ పంపింది. వాళ్లు 16 జిల్లాల్లో 9 తిరిగారు. ఊరూరా జనంతో మాట్లాడారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పరిస్థితి అన్నిటికంటే దారుణమని రాశారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీల్లో, హత్యల్లో పాల్గొన్నారని రాశారు. అదే నివేదికలో రజాకార్ల దౌర్జన్యాల ప్రస్తావన ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువుల ప్రస్తావనా ఉంది.

ఈ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. 1988లో చరిత్రకారుడు ఒమర్ ఖాలిదీ తన సంకలనంలో కొన్ని భాగాలు అచ్చువేశారు. 2013లో ఎ.జి. నూరానీ పుస్తకం 'ది డిస్ట్రక్షన్ ఆఫ్ హైదరాబాద్'తో విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది. అంటే బాధితుల సాక్ష్యం కూడా అధికారుల జ్ఞాపకాల మాదిరిగానే దశాబ్దాలు ఆగింది. ఒక్కటే తేడా. అధికారులు తమంతట తామే మౌనంగా ఉన్నారు. బాధితుల మాటను ఫైల్లో పెట్టి తాళం వేశారు.

సమయానికి మాట్లాడినవాళ్లు ఉన్నారా?

"ఆ రోజుల్లో నోరు తెరిస్తే చంపేసేవాళ్లు, అందుకే ఎవరూ మాట్లాడలేదు" అన్న మాట తరచూ వినిపిస్తుంది. సగం నిజమే. కానీ మాట్లాడినవాళ్లు ఉన్నారు, వాళ్లలో ముస్లిం అధికారులూ ఉన్నారు.

లాయక్ అలీ కంటే ముందు ప్రధానిగా పనిచేసిన సర్ మీర్జా ఇస్మాయిల్ ఢిల్లీతో రాజీ పడాలన్న పక్షం. ఆ మాట చెల్లకపోవడంతో 1947లోనే పదవి వదిలేశారు. అలీ యావర్ జంగ్ కూడా 1947లోనే ప్రభుత్వం నుంచి తప్పుకున్నారు. ఆయన రాసిన 'హైదరాబాద్ ఇన్ రెట్రాస్పెక్ట్' 1949లోనే వచ్చింది. లాయక్ అలీ మంత్రివర్గంలో ఉన్న జె.వి. జోషి రజాకార్ల దౌర్జన్యాలకు నిరసనగా 1948లో రాజీనామా చేశారు.

అందరికంటే తక్కువ మందికి తెలిసిన పేరు ఫరీద్ మీర్జా. రెవెన్యూ శాఖలో అధికారి. రజాకార్ల ఆగడాలు చూసి ఉద్యోగం వదులుకున్నారు. 1948 ఆగస్టులో ఫరీద్ మీర్జా, బాఖర్ అలీ మీర్జా సహా ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను రద్దు చేయాలని, భారత్‌తో కలవాలని ఒక బహిరంగ ప్రకటన చేశారు. దాన్ని 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రికలో అచ్చువేసిన యువ ఎడిటర్ షోయబుల్లా ఖాన్. కొద్దిరోజులకే ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక కాచిగూడలో ఇంటికి వెళ్తుండగా ఆయన్ను దారుణంగా నరికి చంపారు.

ఫరీద్ మీర్జా కూడా తర్వాత పుస్తకం రాశారు, 1976లో. అదీ ఆలస్యమే. కానీ ఆ పుస్తకానికీ మిగతావాటికీ పోలిక లేదు. ఆయన చెప్పాల్సింది చెప్పాల్సిన రోజే చెప్పారు. పుస్తకం దానికి రసీదు మాత్రమే.

ఎందుకు ఆలస్యమవుతుంది?

ఆలస్యం చేసినవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం ఇన్సాఫ్ కాదు. కారణాలు రకరకాలు.

మొదటిది, భయం. 1948 తర్వాత జైళ్లు నిండాయి, ఉద్యోగాలు పోయాయి. కేసుల్లో ఉన్న మనిషి పుస్తకం రాస్తే అది కోర్టులో తనమీదకే వస్తుంది.

రెండోది, చట్టం. 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ ఇప్పటికీ ఉంది. 2021లో కేంద్రం పెన్షన్ నిబంధనలు ఇంకా బిగించింది. ఇంటెలిజెన్స్, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లు తమ సంస్థకు సంబంధించిన విషయాలు రాయాలంటే ముందస్తు అనుమతి కావాలి. లేదంటే పెన్షన్ మీద దెబ్బ పడొచ్చు.

మూడోది, మొహమాటం. పాత సహచరులు బతికుండగా వాళ్ల గురించి రాయలేకపోవడం, పాలకుడి ఉప్పు తిన్నామన్న భావన.

నాలుగోది ఎవరూ బయటికి ఒప్పుకోరు: స్వార్థం. పదవిలో ఉన్నప్పుడు నిజం చెబితే పదవి పోతుంది. రిటైరయ్యాక చెబితే పేరు వస్తుంది, పుస్తకం అమ్ముడవుతుంది, పైగా "నేను ముందే చెప్పాను" అని రికార్డు దిద్దుకోవచ్చు.

ఏ పుస్తకంలో ఏ కారణం పనిచేసిందో చూసుకుంటే దాన్ని ఎంతవరకు నమ్మాలో తేలుతుంది.

ఇది ప్రపంచమంతటా ఉన్న జబ్బే

అమెరికా రక్షణ మంత్రిగా రాబర్ట్ మెక్‌నమారా 1961 నుంచి 1968 దాకా వియత్నాం యుద్ధాన్ని నడిపించారు. 1967 నాటికే ఆయనకు నమ్మకం పోయింది. బాంబుదాడులు ఆపాలని అధ్యక్షుడు జాన్సన్‌కు రహస్యంగా రాశారు. బయట మాత్రం ఒక్క మాట అనలేదు. పదవి దిగాక ప్రపంచ బ్యాంకుకు వెళ్లిపోయారు. 1995లో పుస్తకం రాసి తాము తప్పు చేశామని ఒప్పుకున్నారు. మధ్యలో 27 ఏళ్లు. యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికులు 58 వేలకు పైనే, వియత్నాం ప్రజలు లక్షల్లో. కొడుకులను పోగొట్టుకున్న కుటుంబాలు ఆ పుస్తకం చూసి ఊరట పొందలేదు, మండిపడ్డాయి. అదే రక్షణ శాఖ రహస్య చరిత్రను 1971లోనే పత్రికలకు ఇచ్చిన డేనియల్ ఎల్స్‌బర్గ్ మాత్రం జైలుకు కూడా సిద్ధపడ్డారు.

ఇరాక్ కథ కూడా అంతే. అధ్యక్షుడు బుష్ ప్రతినిధిగా రోజూ మీడియా ముందు యుద్ధాన్ని సమర్థించిన స్కాట్ మెక్‌లెల్లన్, 2008లో పుస్తకం రాసి ఆ యుద్ధం అవసరం లేనిదన్నారు. బ్రిటన్‌లో రాబిన్ కుక్ మాత్రం 2003 మార్చి 17న, బాంబులు పడకముందే మంత్రి పదవికి రాజీనామా చేసి పార్లమెంటులో నిలబడి కారణం చెప్పారు.

ఇక మన దేశంలో, 1987లో శ్రీలంకకు వెళ్లిన శాంతి సేన సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990లో తిరిగొచ్చింది. దాని ఓవరాల్ కమాండర్ దీపిందర్ సింగ్ 1992లో, అప్పటి హైకమిషనర్ జె.ఎన్. దీక్షిత్ 1998లో, మొదట అక్కడ డివిజన్‌ను నడిపిన హర్‌కిరత్ సింగ్ 2007లో పుస్తకాలు రాశారు. చదివితే సైన్యం తప్పు దౌత్యం మీద, దౌత్యం తప్పు సైన్యం మీద. లాయక్ అలీ, ఇద్రూస్‌ల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

చదివేటప్పుడు చూడాల్సినవి

ఇలాంటి పుస్తకం ఏది చేతికొచ్చినా ఐదు విషయాలు చూసుకుంటే చాలు.

ఒకటి, తేదీ. సంఘటన ఎప్పుడు, పుస్తకం ఎప్పుడు? మధ్యలో రచయిత ఎక్కడున్నారు? జైల్లోనా, పరదేశంలోనా, పెద్ద పదవిలోనా?

రెండు, అప్పటి ఆధారం. "నేను ముందే హెచ్చరించాను" అంటే ఆ రోజు రాసిన ఉత్తరం, నోట్, సాక్షి ఏదైనా ఉందా? లేక ఇప్పటి మాట మాత్రమేనా?

మూడు, వేలు ఎటు చూపిస్తోంది? పుస్తకం నిండా ఇతరుల తప్పులే ఉండి, తన తప్పు ఒక్క పేజీ కూడా లేకపోతే జాగ్రత్త పడాలి.

నాలుగు, ఎవరు లేరు? ప్రధానులు, జనరళ్లు, నవాబులు అందరూ ఉండి, ఆ నిర్ణయాల వల్ల చనిపోయిన ఊళ్ల పేర్లు లేకపోతే ఆ పుస్తకంలో సగం మాయమైనట్టే.

ఐదు, ఎదుటి పుస్తకం. లాయక్ అలీని చదివితే ఇద్రూస్‌ను చదవాలి. మున్షీని చదివితే సుందర్‌లాల్ నివేదిక చదవాలి. ఒకటే చదివి వాట్సాప్‌లో తీర్పు ఇచ్చేస్తే అది రాజకీయమవుతుంది గానీ చరిత్ర కాదు.

ఇలా చూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంత ఆలస్యంగా వచ్చిన మాట వల్ల లాభమేంటి? బ్యాంకులో చెక్కుకు గడువు మూడు నెలలు. అది దాటితే కౌంటర్లో డబ్బు ఇవ్వరు. అలాగని ఆ చెక్కును ఎవరూ చింపేయరు. ఫలానా మనిషి మీకు బాకీ ఉన్నాడని చూపించే కాగితం అది. ఆలస్యపు జ్ఞాపకం కూడా అంతే. చనిపోయినవాళ్లను తిరిగి తేలేదు, యుద్ధాన్ని ఆపలేదు. కానీ పైన ఉన్నవాళ్లకు ముందే తెలుసని, అయినా కింద ఉన్నవాళ్లకు చెప్పలేదని వాళ్ల చేతిరాతతోనే రుజువు చేస్తుంది. రేపు ఇంకెవరైనా మైకు పట్టుకుని కుర్రాళ్లను రెచ్చగొడితే, ఆ రుజువు చూపించి ప్రశ్నించొచ్చు.

ఇంట్లో ఉన్న పుస్తకం

ఈ పుస్తకాలన్నిటిలో ఒక లోటు ఉంది. రాసినవాళ్లంతా పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు, దాదాపు అందరూ మగవాళ్లు. 1948 తర్వాత బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా వైపు నుంచి ప్రాణాలు చేతబట్టుకుని ఎన్నో కుటుంబాలు హైదరాబాద్ చేరాయి. భర్తను పోగొట్టుకుని పిల్లలతో నడిచొచ్చిన తల్లులు ఏ పుస్తకమూ రాయలేదు. వాళ్ల కథలు కూతుళ్లకు, కోడళ్లకు మాత్రమే తెలుసు. అది కూడా అరకొరగా.

ఆ రోజుల్లో పదేళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు 85 దాటాయి. కళ్లారా చూసినవాళ్లు ఇంకెంతోమంది మిగల్లేదు. అధికారుల పుస్తకాలు ఎంత ఆలస్యమైనా అచ్చులో ఉంటాయి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, పంజాగుట్టలోని ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ లాంటి చోట్ల ఆ కాలపు పుస్తకాలు, పత్రికలు, కాగితాలు వెతుక్కోవచ్చు. దాదీ మాట మాత్రం ఏ లైబ్రరీలోనూ దొరకదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే తీరికగా ఉన్న ఒక మధ్యాహ్నం పక్కన కూర్చోవాలి. ఫోన్లో రికార్డింగ్ పెట్టాలి, వాళ్లకు చెప్పి పెట్టాలి. ఏ ఊరు, ఇంట్లో ఎంతమంది, ఎవరు కాపాడారు, ఎవరు తిరిగి రాలేదు, ఎలా ఇక్కడికి చేరారు అని అడగాలి. చెప్పలేనని అంటే బలవంతం చేయొద్దు, ఇంకో రోజు అడగాలి. పేర్లు, ఊళ్లు ఒక నోట్‌బుక్‌లో రాసి, పైన తేదీ వేయాలి. రజాకార్ల గురించి చేదు నిజం చెప్పినా, సైన్యం గురించి చేదు నిజం చెప్పినా, కాపాడిన పొరుగింటి హిందువు గురించి చెప్పినా, ఏదీ కత్తిరించకుండా రాయాలి.

ప్రధానికి 14 ఏళ్లు పట్టింది. కమాండర్ మాట అచ్చులోకి రావడానికి 46 ఏళ్లు, కలెక్టర్ మాటకు 64 ఏళ్లు పట్టింది. సంతోష్‌నగర్‌లో మంచం మీద కూర్చున్న దాదీకి అంత టైమ్ లేదు.